ముగ్గురు లేని పాట
(ఫ్రెడ్డీ మెర్క్యురీ, అతని మొదటి సోలో ఆల్బమ్ కథ)

మహాసభల ప్రత్యేక సంచికలో ఒక గాయకుడి జీవితం గురించి వ్యాసం ఉందంటే, అది ఘంటసాల గారి గురించో బాలమురళీకృష్ణ గారి గురించో అయ్యుంటుందని అనుకోవడం సహజం. నేను రాయబోతున్నది మాత్రం ఒక ఇంగ్లీషు రాక్ గాయకుడి గురించి. పేరు ఫ్రెడ్డీ మెర్క్యురీ. ‘క్వీన్’ అనే బృందంలో ముఖ్య గాయకుడు. 1991 నవంబరు 24న, నలభై అయిదేళ్ళ వయసులో చనిపోయాడు. ఆ పేరు తెలియనివాళ్ళకి కూడా అతని గొంతు తెలిసే ఉంటుంది. ఇక్కడ ఏ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కో పిల్లల్ని తీసుకువెళ్ళినప్పుడు, స్టేడియమంతా రెండుసార్లు కాళ్ళతో నేలను తన్ని ఒకసారి చప్పట్లు కొట్టే దరువు మీరు వినే ఉంటారు. అది 1977 నాటి క్వీన్ పాటే.

ఆయనకీ మన తెలుగు మహాసభలకీ ఏమిటి సంబంధం అంటారా? రెండు సంబంధాలున్నాయి. మొదటిది, అతను మనలాగే సముద్రాలు దాటి వచ్చినవాడు, అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోది, ఒక బృందంలో పేరు తెచ్చుకున్న గాయకుడు ఆ బృందాన్ని పక్కన పెట్టి తన పేరుతో మొదటి ఆల్బమ్ చేయాలనుకోవడం. ఇది మనకి కొత్త సంగతి కాదు. మనవాళ్ళు పదిమంది ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఒక సంఘం, సంఘానికో ఆర్కెస్ట్రా, ఆ ఆర్కెస్ట్రాలో ఏదో ఒక రోజు “నేను సొంతంగా ఒక సీడీ చేస్తున్నాను” అనే గాయకుడు ఉంటూనే ఉన్నారు. మా ఊరి ఆర్కెస్ట్రాలో వెనక వరసలో కీబోర్డు వాయించేవాణ్ణి కాబట్టి ఆ మాట విన్నాక రిహార్సల్ గదిలో ఎలాంటి నిశ్శబ్దం అలుముకుంటుందో నాకు బాగా తెలుసు. “పెద్దవాడైపోయాడు లెండి” అనే వాళ్ళు కొందరు, “మనం వాయించింది సరిపోలేదు కాబోలు” అనే వాళ్ళు కొందరు. ఫ్రెడ్డీ మెర్క్యురీ సోలో ఆల్బమ్ గురించి కూడా లోకం ఇలాంటి మాటలే అనుకుంది. అసలు జరిగిందేమిటో తీరిగ్గా చూద్దామని ఈ ప్రయత్నం.

కృష్ణమ్మ పుట్టిన కొండల్లో

అతని అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. 1946 సెప్టెంబరు 5న ఆఫ్రికా తూర్పు తీరానికి దగ్గరలో ఉన్న జాంజిబార్ దీవిలో పుట్టాడు. తల్లిదండ్రులు బోమీ, జెర్ – గుజరాత్ నుంచి వెళ్ళిన పార్సీలు. ఇంటిపేరు వాళ్ళ పూర్వీకుల ఊరు బుల్సార్ (ఇప్పటి వల్సాడ్) నుంచి వచ్చింది. అప్పట్లో జాంజిబార్ బ్రిటిష్ వాళ్ళ ఏలుబడిలో ఉండేది. బోమీ అక్కడి హైకోర్టులో క్యాషియరు.

కొడుక్కి ఎనిమిదేళ్ళు వచ్చేసరికి మంచి చదువు కోసం ఓడ ఎక్కించి ఇండియా పంపించారు. చేర్చిన బడి మహారాష్ట్రలోని పంచగని కొండల మీద ఉన్న సెయింట్ పీటర్స్ బోర్డింగ్ స్కూలు. అక్కడికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న మహాబలేశ్వరంలోనే మన కృష్ణానది పుట్టింది. పంచగని కొండ అంచున నిలబడి చూస్తే కింద కనబడేది కృష్ణా లోయే. విజయవాడ బ్యారేజీ దగ్గర సముద్రంలా కనిపించే నది అక్కడ సన్నని గీతలా ఉంటుంది. అమ్మానాన్నల్ని వదిలి రెసిడెన్షియల్ కాలేజీల్లో చదివిన మనలో చాలామందికి ఆ ఎనిమిదేళ్ళ పిల్లవాడి మొదటి రాత్రి ఎలా గడిచి ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఆ బడిలోనే పియానో నేర్చుకున్నాడు. పన్నెండేళ్ళ వయసులో నలుగురు స్నేహితులతో కలిసి ‘ది హెక్టిక్స్’ అనే బృందం మొదలుపెట్టాడు. అందులో అతను ముఖ్య గాయకుడు కాదు, పియానో వాయించేవాడు. ‘ఫ్రెడ్డీ’ అన్న పేరు కూడా ఆ బడిలో స్నేహితులు పిలిచిందే.

1963లో జాంజిబార్ తిరిగి వెళ్ళాడు. మరుసటి ఏడు జనవరిలో అక్కడ విప్లవం వచ్చింది. సుల్తాను పాలన పోయింది, అరబ్బులూ భారతీయులూ వేల సంఖ్యలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. బుల్సారా కుటుంబం చేతికందినవి తీసుకుని 1964లో ఇంగ్లండు చేరింది. లండన్ శివార్లలో, హీత్రూ విమానాశ్రయానికి దగ్గరలో ఉన్న ఫెల్తమ్‌లో చిన్న ఇంట్లో దిగారు. మనం వీసా స్టాంపు వేయించుకుని, రెండు సూట్‌కేసులు తూకం వేసుకుని వచ్చినవాళ్ళం. వాళ్ళది అలాంటి రాక కాదు.

పదిహేడేళ్ళ కుర్రాడు కొత్త దేశంలో కుదురుకోవడానికి అన్ని పనులూ చేశాడు. హీత్రూలో సామాను మోశాడు. ఈలింగ్ ఆర్ట్ కాలేజీలో గ్రాఫిక్ డిజైన్ చదివి 1969లో డిప్లొమా తీసుకున్నాడు. కెన్సింగ్టన్ మార్కెట్లో స్నేహితుడు రోజర్ టేలర్‌తో కలిసి పాత బట్టలు అమ్మే కొట్టు నడిపాడు. మధ్యమధ్యలో రెండు మూడు చిన్న బృందాల్లో పాడాడు. 1970 ప్రాంతంలో ఇంటిపేరు మార్చుకున్నాడు. ఫరోఖ్ బుల్సారా పోయి ఫ్రెడ్డీ మెర్క్యురీ వచ్చాడు. మెర్క్యురీ అంటే బుధుడు, పాదరసం కూడాను.

ఇక్కడికొచ్చాక మన వెంకట సత్యనారాయణ ‘సత్య’ అవుతాడు, శ్రీలక్ష్మి ‘శ్రీ’ అవుతుంది. పలకలేక ఇబ్బంది పడేవాళ్ళ కోసం మనం పేరులో సగం దాచుకుంటాం. అతను పూర్తిగానే మార్చేసుకున్నాడు. చిన్ననాటి సంగతులు పత్రికల వాళ్ళతో చాలా తక్కువగా మాట్లాడేవాడు. ప్రపంచమంతా తిరిగి పాడిన క్వీన్, అతను ఉండగా ఇండియాలో ఒక్క కచేరీ కూడా చేయలేదు.

మూడు డిగ్రీలు, ఒక డిప్లొమా

క్వీన్‌లో ఉన్న మిగతా ముగ్గురి గురించి చెప్పకుండా ఫ్రెడ్డీ గురించి చెప్పలేం. గిటారు వాయించే బ్రయన్ మే ఇంపీరియల్ కాలేజీలో ఖగోళ భౌతికశాస్త్రం చదువుతున్నవాడు. పాటల కోసం మధ్యలో వదిలేసిన పీహెచ్‌డీని 2007లో పూర్తిచేశాడు. అతని గిటారు కొన్నది కాదు, తండ్రీ కొడుకులు కలిసి ఇంట్లో పాత చలిమంట గూటి దూలంతో చేసుకున్నది. డ్రమ్స్ వాయించే రోజర్ టేలర్ దంతవైద్యం మొదలుపెట్టి, అది మానేసి జీవశాస్త్రంలో డిగ్రీ తీసుకున్నాడు. 1971లో చేరిన బేస్ గిటారిస్టు జాన్ డీకన్ ఎలక్ట్రానిక్స్‌లో డిగ్రీ తెచ్చుకున్నవాడు. వీధిలో చెత్తతొట్టిలో దొరికిన సర్క్యూట్ బోర్డుతో అతను తయారుచేసిన చిన్న ఆంప్లిఫయర్ క్వీన్ రికార్డుల్లో ఎన్నో చోట్ల వినిపిస్తుంది. మన సంఘంలో ఉన్న ఇంజినీర్లందరూ గర్వపడదగిన సంగతి ఇది. బృందానికి ‘క్వీన్’ అని పేరు పెట్టింది ఫ్రెడ్డీ. నలుగురి రాశులనూ కలిపి – రెండు సింహాలు, ఒక పీత, ఇద్దరు దేవకన్యలు – రాజముద్రలాంటి చిహ్నం గీసింది కూడా అతనే. ఆర్ట్ కాలేజీ డిప్లొమా వృథా పోలేదు.

మనకి సినిమా పాట అలవాటు. రాసేది ఒకరు, వరస కట్టేది ఒకరు, పాడేది ఒకరు. క్వీన్‌లో నలుగురూ పాటలు రాసేవారు, వరసలు కట్టేవారు. 1975లో వచ్చి బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచిన ‘బొహీమియన్ రాప్సొడీ’ ఫ్రెడ్డీది. మొదట చెప్పిన ఆ స్టేడియం దరువు బ్రయన్ ది. 1980లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళిన ‘అనదర్ వన్ బైట్స్ ది డస్ట్’ జాన్ ది. ‘రేడియో గాగా’ రోజర్ ది. కోరస్ పాడేటప్పుడు పై స్థాయి రోజర్, కింది స్థాయి బ్రయన్, మధ్య స్థాయి ఫ్రెడ్డీ. ఆ ముగ్గురి గొంతులనే టేపు మీద పొరలు పొరలుగా పదే పదే రికార్డు చేసి, ఒక పెద్ద బృందగానంలా వినిపించేవారు.

నలుగురు రాసేవాళ్ళున్న చోట గొడవలు కూడా నాలుగింతలు. రికార్డు మీద ఎవరి పాట ఉంటే రాయల్టీ వాళ్ళకే. బొహీమియన్ రాప్సొడీ రికార్డుకి రెండో వైపున ఉన్నది రోజర్ పాట. మొదటి వైపు పాట కోసం జనం కొన్నా, రచయితగా రోజర్‌కి కూడా ఫ్రెడ్డీతో సమానంగా డబ్బు వచ్చింది. దాని మీద చాలాకాలం గుసగుసలు నడిచాయి. ఆల్బమ్‌లో ఎవరి పాట ఉండాలి, ఎవరిది తీసేయాలి అన్న వాదన ప్రతిసారీ ఉండేది. 1982లో ‘హాట్ స్పేస్’ అనే ఆల్బమ్ వచ్చింది. ఫ్రెడ్డీకీ జాన్‌కీ నచ్చిన నాట్యపు దరువులు అందులో ఎక్కువ, బ్రయన్ గిటారు తక్కువ. రాక్ అభిమానులకి అది రుచించలేదు. పన్నెండేళ్ళుగా ఆగకుండా రికార్డింగులూ పర్యటనలూ చేస్తున్న నలుగురూ ఆ తరువాత కొంతకాలం విరామం తీసుకోవాలని నిర్ణయించుకున్నారు.

మ్యూనిక్ నేలమాళిగలో

ఆ విరామంలో ఫ్రెడ్డీ తన సొంత ఆల్బమ్‌కి కొబ్బరికాయ కొట్టాడు. చోటు జర్మనీలోని మ్యూనిక్. అరబెల్లా హౌస్ అనే ఎత్తయిన భవనం నేలమాళిగలో మ్యూజిక్‌లాండ్ అనే స్టూడియో ఉండేది. క్వీన్ 1979 నుంచి అక్కడ పనిచేస్తూనే ఉంది. అక్కడి ఇంజినీరు రైన్‌హోల్డ్ మాక్‌తో ఫ్రెడ్డీకి బాగా కుదిరింది. ఇద్దరూ కలిసి నిర్మాతలుగా 1983లో పని మొదలుపెట్టారు. మ్యూనిక్‌లో అతనికి ఇంకో సుఖం ఉంది. లండన్‌లోలాగా ప్రతి మలుపులోనూ పత్రికల వాళ్ళు వెంటపడరు. రాత్రుళ్ళు క్లబ్బులు, పగలు నిద్ర, సాయంత్రం స్టూడియో.

నిజానికి తన ఒక్కడి గొంతుతో రికార్డు విడుదల కావడం అతనికి అది మొదటిసారి కాదు. 1973లో, క్వీన్ మొదటి ఆల్బమ్ రావడానికి కొద్దిగా ముందు, ‘లారీ లూరెక్స్’ అనే దొంగ పేరుతో ఒక చిన్న రికార్డు వచ్చింది. పాడింది ఫ్రెడ్డీయే. అది పాత పాటల పునరాలాపన, ఎవరూ పట్టించుకోలేదు. తమాషా ఏమిటంటే, ఆ ‘సోలో’ రికార్డులో కూడా బ్రయన్, రోజర్ వాయించారు. దాని రెండో వైపున ‘గోయిన్ బ్యాక్’ అనే పాట ఉంది. ఈ పాటని గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

మ్యూనిక్‌లో చేసినది మాత్రం అసలు సిసలు సోలో. పదకొండు పాటలు, పదకొండూ అతను రాసినవే. కాబట్టి ఎవరి పాట ఉండాలన్న వాదన లేదు. పియానో తనే వాయించాడు. గిటారు పాల్ విన్సెంట్, డ్రమ్స్ కర్ట్ క్రెస్, బేస్ స్టెఫాన్ విస్‌నెట్, కీబోర్డులు కెనడాకి చెందిన ఫ్రెడ్ మాండెల్. అందరూ పనిమంతులే, చెప్పింది చెప్పినట్టు వాయించేవాళ్ళు. కోరస్‌లో పైన రోజర్ లేడు, కింద బ్రయన్ లేడు. దాదాపు అన్ని స్థాయులూ తన గొంతుతోనే పొరలు పొరలుగా పాడుకున్నాడు.

దరువుల్లో ఎక్కువ భాగం సింథసైజర్లవి. 1970లలో క్వీన్ తమ రికార్డుల అట్టల మీద సింథసైజర్ వాడలేదని గొప్పగా అచ్చు వేసుకునేది. ఇక్కడ ఆ పట్టింపు లేదు. ఆల్బమ్‌కి పేరిచ్చిన ‘మిస్టర్ బ్యాడ్ గై’ పాటలో గిటారు ఉండాల్సిన చోటంతా పెద్ద వాద్యబృందం నింపేసింది. ఒక పాట రెగే దరువులో ఉంది, ఒకటి పియానోతో సాగే మెత్తని పాట. ‘లివింగ్ ఆన్ మై ఓన్’ అనే పాటలో మాటలు లేకుండా గొంతునే వాయిద్యంలా ఆడించాడు. పేరులోనే ఉంది, అది ఒంటరిగా బతుకుతున్నవాడి పాట. పైకి హుషారుగా ఉంటుంది. రెండోసారి వింటే ఆ హుషారు కింద ఏముందో తెలుస్తుంది. కొత్తగా అమెరికా వచ్చి, అపార్ట్‌మెంట్‌లో ఒక పరుపూ ఒక రైస్ కుక్కరూ మాత్రమే ఉన్న రోజుల్లో నేను ఈ పాట ఎక్కువ విన్నాను.

ఆల్బమ్‌లో ఇంకో పాటకి చిన్న చరిత్ర ఉంది. 1983లో ఫ్రెడ్డీ లాస్ ఏంజెలెస్ దగ్గర ఎన్సినోలో మైకేల్ జాక్సన్ ఇంటికి వెళ్ళి, అక్కడి స్టూడియోలో ఇద్దరూ కలిసి మూడు పాటల మీద పని చేశారు. ఏదీ పూర్తికాలేదు. వాటిలో ఒకటి మరుసటి ఏడు జాక్సన్ సోదరులు మిక్ జాగర్‌తో పాడించి విడుదల చేసుకున్నారు. ‘దేర్ మస్ట్ బి మోర్ టు లైఫ్ దాన్ దిస్’ అనే పాటని ఫ్రెడ్డీ ఈ ఆల్బమ్‌లో ఒక్కడే పాడుకున్నాడు. ఇద్దరి గొంతులూ ఉన్న ప్రతి 2014లో గాని బయటకు రాలేదు. అప్పటికి ఇద్దరూ లేరు.

పని రెండేళ్ళు సాగింది. కారణం బద్ధకం కాదు. 1983 ఆగస్టు నుంచి క్వీన్ కొత్త ఆల్బమ్ ‘ది వర్క్స్’, 1984లో దాని పర్యటన మధ్యలో వచ్చాయి. అంటే ఫ్రెడ్డీ ఒక చేత్తో బృందం పని, ఇంకో చేత్తో సొంత పని చేసుకుంటూ వచ్చాడు. పగలు ఆఫీసు ప్రాజెక్టు, రాత్రి సొంత స్టార్టప్ నడిపేవాళ్ళకి ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. మధ్యలో 1984 సెప్టెంబరులో జార్జియో మొరోడర్‌తో కలిసి చేసిన ‘లవ్ కిల్స్’ అనే పాట విడుదలయింది. 1927 నాటి ‘మెట్రోపొలిస్’ మూకీ చిత్రానికి మొరోడర్ కొత్తగా సంగీతం కట్టినప్పటి పాట అది. బ్రిటన్‌లో పదో స్థానానికి చేరింది. ఫ్రెడ్డీ పేరుతో వచ్చిన మొదటి రికార్డు అదే.

విడుదల

‘మిస్టర్ బ్యాడ్ గై’ 1985 ఏప్రిల్ 29న విడుదలయింది. క్వీన్ ఆల్బమ్‌లు బ్రిటన్‌లో ఈఎంఐ కంపెనీవి, ఇది సీబీఎస్ కంపెనీది. ఆల్బమ్‌ని అతను అంకితం ఇచ్చింది మనుషులకి కాదు, తన పిల్లి జెర్రీకి, తక్కిన పిల్లులకి, లోకంలోని పిల్లి ప్రేమికులందరికీ. మిగతావాళ్ళకి ఒక చిలిపి తిట్టు జోడించాడు.

ఫలితం ఎలా ఉంది? బ్రిటన్ ఆల్బమ్ పట్టికలో ఆరో స్థానం. అంతకు ముందే వచ్చిన మొదటి పాట ‘ఐ వాజ్ బార్న్ టు లవ్ యూ’ పదకొండో స్థానం. ఆ ఏడాది ఆల్బమ్ నుంచి విడిగా వచ్చిన మిగతా పాటలేవీ మొదటి నలభైలోకి రాలేదు. అమెరికాలో ఆల్బమ్ 159వ స్థానంతో సరిపెట్టుకుంది. వేరే ఎవరి మొదటి ఆల్బమ్ అయినా ఆరో స్థానం అంటే పండగ చేసుకుంటారు. క్వీన్ గాయకుడి నుంచి లోకం ఆశించింది అంతకంటే చాలా ఎక్కువ.

2018లో వచ్చిన ‘బొహీమియన్ రాప్సొడీ’ సినిమా మనలో చాలామంది చూశారు. ఫ్రెడ్డీగా నటించిన రామీ మాలెక్‌కి ఆస్కార్ వచ్చింది. ఆ సినిమాలో ఫ్రెడ్డీ సోలో ఆల్బమ్ ఒప్పుకోవడంతో మిగతా ముగ్గురి గుండె పగులుతుంది, బృందం ముక్కలవుతుంది, పశ్చాత్తాపంతో తిరిగి వచ్చాక అందరూ కలిసి లైవ్ ఎయిడ్‌లో పాడతారు. సినిమాకి కావలసిన మలుపు అది. తేదీలు మాత్రం వేరే కథ చెబుతున్నాయి. బృందంలో మొదట సోలో ఆల్బమ్ చేసింది ఫ్రెడ్డీ కాదు, రోజర్ – 1981లో ఒకటి, 1984లో రెండోది. బ్రయన్ 1983లో వేరే వాద్యకారులతో ఒక చిన్న ఆల్బమ్ తెచ్చాడు. ఫ్రెడ్డీది మూడో వంతు. పైగా అతని ఆల్బమ్ బజారులోకి వచ్చిన ఏప్రిల్‌లో నలుగురూ కలిసి న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో పాడుతున్నారు. మే నెలలో జపాన్‌లో పాడారు. విడిపోయినవాళ్ళు అలా పాడరు. అలసటా చిరాకులూ ఉన్నాయి, బృందం ఎంతకాలం సాగుతుందో అన్న అనుమానాలూ ఉన్నాయి. కానీ ద్రోహం అనే మాటకి ఆధారం లేదు.

1985 జులై 13న లండన్ వెంబ్లీ స్టేడియంలో, ఇథియోపియా కరువు బాధితుల కోసం లైవ్ ఎయిడ్ కచేరీ జరిగింది. ఎదురుగా సుమారు 72,000 మంది, టీవీల్లో ప్రపంచమంతా. క్వీన్‌కి ఇచ్చింది ఇరవై నిమిషాల పైచిలుకు. ‘మిస్టర్ బ్యాడ్ గై’ విడుదలై అప్పటికి 75 రోజులు. ఆ ఆల్బమ్ నుంచి రెండో పాట ఆ నెలలోనే విడిగా అమ్మకానికి వచ్చింది. అంత పెద్ద ప్రచారం ఉచితంగా దొరికే రోజు అది. ఆ ఇరవై నిమిషాల్లో ఫ్రెడ్డీ తన సోలో ఆల్బమ్ నుంచి ఒక్క ముక్క కూడా పాడలేదు. నలుగురి పాటలే పాడాడు. పాడినవాటిలో జాన్ పాట లేకపోయినా బ్రయన్ వి, రోజర్ ది ఉన్నాయి. ఆ సాయంత్రం గురించి చెప్పేవాళ్ళందరూ అతని చొక్కా గురించి, ముష్టి బిగించిన చెయ్యి గురించి చెబుతారు. నాకు మాత్రం అతను ఏ పాటలు పాడకుండా వదిలేశాడన్నది కూడా గుర్తుంటుంది.

తరువాత జరిగినవి

ఆ తరువాత క్వీన్ ఇంకో పెద్ద పర్యటన చేసింది. 1986 ఆగస్టు 9న నెబ్‌వర్త్‌లో పాడినదే ఫ్రెడ్డీతో చివరి కచేరీ అయింది. 1987లో అతనికి ఎయిడ్స్ వ్యాధి ఉన్నట్టు నిర్ధారణ అయింది. అప్పటికి దానికి సరైన మందు లేదు. దగ్గరవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పకుండా పనిలో పడిపోయాడు. 1988లో స్పెయిన్ ఒపేరా గాయని మోంత్‌సెరాత్ కబాయేతో కలిసి ‘బార్సెలోనా’ ఆల్బమ్ చేశాడు. 1989లో వచ్చిన ‘ది మిరకిల్’ ఆల్బమ్ నుంచి క్వీన్ పాటలన్నిటికీ రచయితలుగా నలుగురి పేరే వేయడం మొదలుపెట్టారు. ఎవరు ఎంత రాసినా సరే, పేరు నలుగురిదీ, డబ్బు నలుగురిదీ. ‘ఇది ఎవరి పాట’ అన్న పాత తగవు అలా తీరింది. నలుగురిలో ముగ్గురు సొంత ఆల్బమ్‌లు చేసి చూసుకున్న తరువాతే అది తీరిందన్నది గమనించదగ్గది.

చివరి నెలల్లో స్విట్జర్లాండ్‌లోని మోంత్రో స్టూడియోలో, నిలబడే ఓపిక లేని స్థితిలో కూడా, ఇవ్వగలిగినంత గాత్రం రికార్డు చేసి ఇచ్చాడు. తను వెళ్ళిపోయాక మిగతావాళ్ళు వాటిని పూర్తిచేస్తారన్న నమ్మకం. 1991 మేలో ‘మదర్ లవ్’ అనే పాట పాడుతూ చివరి చరణం పాడలేక, తరువాత వచ్చి పాడతానని ఆగిపోయాడు. రాలేదు. నవంబరు 23న తన జబ్బు సంగతి లోకానికి ప్రకటించాడు. మర్నాటి సాయంత్రం లండన్‌లోని తన ఇంట్లో చనిపోయాడు. పేరు మార్చుకున్నా, ఊరు మార్చుకున్నా, అంత్యక్రియలు మాత్రం అమ్మానాన్నల పద్ధతిలో పార్సీ పురోహితుల ప్రార్థనలతో జరిగాయి.

ఇక ఆ సోలో ఆల్బమ్ సంగతి. ‘లివింగ్ ఆన్ మై ఓన్’ 1985లో యాభయ్యో స్థానంలో ఆగిపోయిన పాట. 1993లో దాన్ని కొత్త దరువుతో రీమిక్స్ చేస్తే బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది. అతను సోలోగా పాడిన పాటకి మొదటి స్థానం దక్కేసరికి అతను లేడు.

1995లో బ్రయన్, రోజర్, జాన్ కలిసి, ఫ్రెడ్డీ మిగిల్చిన గాత్రాలతో ఒక క్వీన్ ఆల్బమ్ తయారుచేశారు. పాటలు సరిపోలేదు. అప్పుడు వాళ్ళు వెతుక్కున్నది ‘మిస్టర్ బ్యాడ్ గై’నే. అందులోని ‘ఐ వాజ్ బార్న్ టు లవ్ యూ’, ‘మేడ్ ఇన్ హెవెన్’ పాటల్లో ఫ్రెడ్డీ గొంతు మాత్రం ఉంచి, చుట్టూ ఉన్న వాద్యాలన్నీ తీసేసి, తమ గిటారు, తమ డ్రమ్స్, తమ బేస్ కొత్తగా వాయించారు. రెండో పాట పేరే ఆల్బమ్‌కి పెట్టారు. అది బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది. అదే ఆల్బమ్‌లో ‘మదర్ లవ్’ కూడా ఉంది. ఫ్రెడ్డీ పాడలేకపోయిన ఆఖరి చరణం బ్రయన్ పాడాడు. పాట అయిపోయే ముందు దూరం నుంచి ఒక పడుచు గొంతు కొద్ది క్షణాలు వినిపిస్తుంది. అది 1973 నాటి లారీ లూరెక్స్ రికార్డు రెండో వైపున ఉన్న ‘గోయిన్ బ్యాక్’.

మీకు తీరిక దొరికినప్పుడు ఒక చిన్న పని చేయండి. ‘ఐ వాజ్ బార్న్ టు లవ్ యూ’ 1985 ప్రతి, 1995 ప్రతి ఒకదాని తరువాత ఒకటి వినండి. రెండూ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. గొంతు ఒక్కటే. టెస్టింగ్‌లో మనం చేసినట్టు, ఒక్క అంశం మాత్రం మార్చి తేడా చూడటం అన్నమాట. మొదటిదాంట్లో గొంతు చుట్టూ చాలా చోటు ఉంటుంది, అడ్డం వచ్చేవాళ్ళు లేరు. రెండోదాంట్లో గిటారు అతనితో పోటీ పడుతుంది, డ్రమ్స్ తరుముతాయి, ఆ తోపులాటలో గొంతు ఇంకా పెద్దదైనట్టు అనిపిస్తుంది. చాలామంది రెండోదే గొప్పదంటారు. నేనూ అదే ఎక్కువ వింటాను. కానీ మొదటిది లేకపోతే రెండోది లేదు. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా ఆ మ్యూనిక్ నేలమాళిగలో అతను తన కోసం పాడుకున్న పాటలే, పదేళ్ళ తరువాత స్నేహితులకి అతని ఆస్తిగా మిగిలాయి.

2016లో ఫెల్తమ్‌లోని ఆ పాత ఇంటి గోడ మీద నీలి ఫలకం పెట్టారు. ‘మిస్టర్ బ్యాడ్ గై’ని 2019లో పాత టేపుల నుంచి కొత్తగా మిక్స్ చేసి మళ్ళీ విడుదల చేశారు. ఇంత కాలానికి దానికి తగిన మర్యాద దక్కింది.

ఈ మహాసభల వేదిక మీద కూడా రకరకాల ఊళ్ళ నుంచి వచ్చిన బృందాలు పాడతాయి. వాళ్ళలో ఎవరో ఒకరు వచ్చే ఏడు సొంత ఆల్బమ్ చేస్తామని అంటారు. ఆ మాట విన్నప్పుడు ముఖం ముడుచుకోకుండా, వీలైతే ఒక ప్రతి కొనండి. ఆ గాయకుడికి నాదొక మనవి: పాటల టేపులు జాగ్రత్తగా దాచుకోండి, వెనక వాయించినవాళ్ళ ఫోను నంబర్లు కూడా దాచుకోండి.